స్విచ్చా, ప్లగ్గా?

ప్రయోగశాల వాళ్ళు పెట్టిన విందులో అచ్చియ్యమ్మగారు ఆకలి తీరకుండానే చెయ్యి కడిగేసుకుంది. ఈ కథకంతటికీ మూలం అదే. ఆవిడే గనక ఆ పూట కడుపునిండా తిని ఉంటే, సువర్చల తన మానాన తను విశాఖపట్నంలోనూ, వేణక్క తన మానాన తను పెద్దాపురంలోనూ మూతులు ముడుచుకుని కూర్చునే ఉండేవారు. మనకు చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

ముందు మన్నన అంటే ఏమిటో చెప్పాలి. చెవి వెనక అంటించుకునే బిళ్ళ అది. మినపబద్దంత ఉంటుంది. ఈ రోజుల్లో అది లేని చెవి లేదు. మీరు ఎవరితోనైనా "వద్దు" అన్నారనుకోండి, "చాలు" అన్నారనుకోండి, "నన్ను వదిలెయ్యి" అన్నారనుకోండి, నోటితో అన్నా ఫోన్లో రాసినా అవతలి మనిషి చెవి వెనక అది సన్నగా గుయ్‌మంటుంది. మళ్ళీ అడగబోతే మళ్ళీ గుయ్. ఫోను చేస్తే కలవదు. రాసింది చేరదు. వీధిలో ఎదురుపడితే పక్కకి తప్పుకోమంటుంది. ఆ మోత విని కూడా ఆగనివాణ్ణి మనిషి కింద లెక్కకట్టడం మానేశారు జనం. "గుయ్ దాటినవాడు" అంటే ఇప్పుడు పెద్ద తిట్టు.

ఆ బిళ్ళకి మనుషుల మాటతీరు నేర్పింది సువర్చలే. రుషికొండ దగ్గర, సముద్రం కనిపించే మేడలో ఆవిడ ప్రయోగశాల. విందుల్లో వడ్డించేవాళ్ళకి ఇంతవరకూ మన్నన నుంచి మినహాయింపు ఉండేది. ఇప్పుడు వాళ్ళ కోసం కూడా ఓ కొత్త రకం తయారైంది. దాన్ని పరీక్షించడానికి ఊళ్ళోంచి కొంతమందిని పిలిచి, బంతిలో కూర్చోబెట్టి, భోజనం పెట్టారు.

"మేడమ్, చూశారా! విస్తట్లో మెతుకు మిగల్లేదు. ఒక్కళ్ళకీ బలవంతపు వడ్డన లేదు" అన్నాడు ఆవిడ దగ్గర పనిచేసే ఇంజనీరు నిశాంత్. మీరు సరే అంటే రేపే బజార్లోకి వదిలేద్దామని అతని తొందర.

సువర్చల చేతులు తుడుచుకుంటున్న ఓ పెద్దావిడ దగ్గరికి వెళ్ళింది. అనకాపల్లి నుంచి వచ్చిన ఆ పెద్దావిడే అచ్చియ్యమ్మగారు.

"భోజనం ఎలా ఉందండీ?"

"భోజనానికేటమ్మా, బాగానే ఉంది. పులిహోర మరికాస్త తిందును."

"మరి అడక్కపోయారా?"

"నానడగడమేటి తల్లీ! ఆ బాబొచ్చి ఇంకాస్త ఎయ్యమంటారా అన్నాడు. వద్దు నాయనా అన్నాను. అంతే, ఎల్లిపోనాడు!" ముసలావిడ నవ్వింది గానీ ఆ నవ్వులో కాస్త చిన్నబుచ్చుకోవడం ఉంది. "ఒక్కపాలికే నమ్మీసేడమ్మా. మా ఇళ్ళల్లో అలగ నమ్మీస్తే చుట్టాలు మరి గుమ్మం తొక్కరు."

నిశాంత్ పకపకా నవ్వాడు. సువర్చలా నవ్వింది. కానీ ఆ మాట ఆవిడని వదల్లేదు. ఒక్కసారికే నమ్మేశాడు! తన గదిలోకి వెళ్ళి కూర్చున్నా అదే చెవిలో గింగురుమంటోంది. ఎందుకంటారా? ఆవిడని కూడా ఒకప్పుడు కొందరు ఒక్కసారికే నమ్మేశారు. ఆ దిగులు ఇన్నేళ్ళయినా తీరలేదు.

ఆ కొందరూ స్క్రూడ్రైవర్ సంఘం వాళ్ళు.

ఫోను తీగలోంచి ఇంటర్నెట్ కుయ్యో మొర్రో అని అరుచుకుంటూ వచ్చే కాలం అది. ఫొటో తెరిస్తే పైనుంచి కిందికి కాస్త కాస్త దిగేది. ముందు నుదురు, చాలాసేపటికి కళ్ళు, మూతి వచ్చేలోగా లైను తెగిపోయేది. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కుక్కి రాసుకునేవాళ్ళు, అయినా ఒక్క ముక్క అర్థంకాకపోవడం అంటూ లేదు. ఇంట్లో పాడైన వస్తువుల్ని బాగుచేసుకునే పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరి పెట్టుకున్న చర్చావేదిక అది. రాజోలు హెడ్మాస్టరుగారొకరు, బళ్ళారిలో ఉండే బ్యాంకు ఉద్యోగి ఒకరు, ఇలా ఓ పాతికమంది. అందరిలోకీ నోరున్నది పెద్దాపురం సత్యవేణి. మిక్సీలు విప్పి బిగించడంలో ఆవిడ పెట్టింది పేరు.

సువర్చల అప్పుడు కాకినాడలో ఇంజనీరింగు చదువుతోంది. తన వాక్‌మన్‌లో పాటలు సాగుతున్నాయి, ఏం చెయ్యాలి అని సంఘంలో అడిగింది. ఎవరో మర్యాదగా చెబుతారనుకుంది పాపం.

"బెల్టు సాగితే పాట సాగకేం చేస్తుందే? ఇంజనీరింగు చదువుతున్నావా, గాడిదల్ని కాస్తున్నావా?" అని జవాబొచ్చింది సత్యవేణి నుంచి. తిట్టి ఊరుకుందా? వారం తిరిగేసరికి పోస్టులో కవరొచ్చింది, లోపల చిన్న రబ్బరు బెల్టు. ఆ బెల్టు వేశాక పాట సరిగ్గా పాడింది. అప్పట్నుంచీ సువర్చలకి ఆవిడ వేణక్క అయింది. చెప్పాపెట్టకుండా బస్సెక్కి ఒకళ్ళింటికి ఒకళ్ళు వెళ్ళేవారు. ఇప్పుడైతే మనిషికి ఫోను చెయ్యడానికి కూడా ముందు అనుమతి అడుగుతున్నాం. అప్పట్లో తలుపు కొట్టడమే అనుమతి అడగడం.

సంఘంలో తగువు లేని రోజు లేదు. టంకం ఎలా పెట్టాలన్న దాని మీద హెడ్మాస్టరుగారూ బ్యాంకాయనా నెలరోజులు కొట్టుకున్నారు. అలిగినవాళ్ళు "స్విచ్ ఆపేశాను" అని రాసి మాయమైపోయేవారు. పెళ్ళికొడుకు అలకపాన్పు ఎక్కడం లాంటిదన్నమాట. స్విచ్ ఎవరైనా వెయ్యొచ్చు కదా, అందుకని మిగతావాళ్ళంతా వచ్చి బతిమాలాలి. తక్కువలో తక్కువ మూడుసార్లు. మొదటి పిలుపుకే దిగొచ్చేస్తే అంత చులకన ఇంకోటి లేదు.

కానీ ఎవరైనా "ప్లగ్గు పీకేశాను" అని రాశారా, అది వేరు. దాన్ని ఇక ముట్టుకోకూడదు. బతిమాలకూడదు, ఎందుకని అడక్కూడదు, ఆరా తియ్యకూడదు. ఎవరూ రూలు రాసిపెట్టలేదు గానీ, అందరికీ తెలుసు. కరెంటుతో చెలగాటమాడేవాళ్ళు గనక ఆ తేడా వాళ్ళకి బాగా తెలుసు.

మల్లిక అని ఓ చిన్నపిల్ల ఒకసారి ప్లగ్గు పీకింది. బయటి చాట్‌రూముల్లో ఎవడో దాని వెంటపడి, వద్దంటే వినకుండా, పేర్లు మార్చుకుని మరీ వేధించాడు. సంఘం ఆ పిల్ల మాటకి తలవంచింది. లోకం వంచలేదు. ఆ పిల్ల చివరికి ఇంటర్నెట్ మొహమే చూడనని పోయింది. "వద్దంటే వద్దే అని అందరి చెవిలోనూ చెప్పే మిషను ఒకటుంటే!" అని సువర్చల ఆ రోజు ఏడుస్తూ అంది. ఆ మాటలోంచి పుట్టిందే మన్నన. అది మంచిపని కాదని ఎవరనగలరు? ఎంతమంది ఆడపిల్లలు దానివల్ల ఊపిరి పీల్చుకున్నారో.

తరవాత్తరవాత వేదిక మూతపడింది. సంఘం అందరి ఫోన్లలోకీ గ్రూపుగా మారింది. వాక్‌మన్లు పోయాయి, విప్పడానికి వీల్లేకుండా అతికించేసిన ఫోన్లు వచ్చాయి, విప్పేవాళ్ళకి పనిపోయింది. పొద్దున్నే పూలబొమ్మలూ శుభోదయాలూ మిగిలాయి. అలాంటి రోజుల్లో సువర్చల తన మొదటి మన్నన బిళ్ళలు సంఘంలో అందరికీ పంపింది. ముందు నా వాళ్ళే పెట్టుకోవాలని ముచ్చటపడింది. వాళ్ళూ కాదనలేక పెట్టుకున్నారు.

వారం తిరక్కుండానే వేణక్క రాసింది: "తిట్టుకోడానికి లేకపోయాక ఇదేం సంఘమే? పప్పులో ఉప్పు తీసేసినట్టుంది. నీ మిషను పట్టుకెళ్ళి మ్యూజియంలో పెట్టుకో." హెడ్మాస్టరుగారు చప్పట్ల బొమ్మ పెట్టారు. అందరూ నవ్వారు. ఏళ్ళ తరబడి చేసిన పని! సువర్చలకి ఒళ్ళు మండిపోయింది. "స్విచ్ ఆపేశాను. నన్నెవరూ పిలవొద్దు" అని రాసి ఫోను పక్కన పడేసింది.

పడేసిందన్న మాటే గానీ కన్ను దాని మీదే. మొదటి పిలుపుకి పలక్కూడదనీ, రెండోదానికి ఒక్క ముక్కలో దెప్పాలనీ, మూడోదానికి కాస్త బెట్టుచేసి దిగాలనీ అన్నీ అనుకుని పెట్టుకుంది. ఒక్కళ్ళు రాలేదు. ఆ రోజు రాలేదు, ఆ వారం రాలేదు. ఆఖరికి వేణక్క కూడా రాలేదు. ఇంతేనా నా విలువ అనుకుంది. ఆవిడ కూడా మళ్ళీ వాళ్ళ ఊసెత్తలేదు. ఏళ్ళు గడిచిపోయాయి.

ఒక్కసారికే నమ్మేశాడు.

సువర్చల చటుక్కున లేచింది. బల్ల మీద పరీక్షకి వాడే బిళ్ళ ఉంది. దాన్ని చెవి వెనక పెట్టుకుని, గొంతు సవరించుకుని, "స్విచ్ ఆపేశాను. నన్నెవరూ పిలవొద్దు" అంది.

అప్పుడే నిశాంత్ టీ గ్లాసు పట్టుకుని వస్తున్నాడు. గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏమైంది? రావయ్యా."

"రాలేను మేడమ్, గుయ్‌మంటోంది. నావల్ల ఏమైనా..."

"నేనే రమ్మంటున్నాను కదా!"

"అలా అంటే పోదు కదండీ. ఎవరైనా బెదిరించి రమ్మనిపించొచ్చని మీరే పెట్టించారు. మనసు మార్చుకున్నానని మీరు విడిగా దానికి చెప్పుకోవాలి." పాపం అతను టీ గ్లాసుతో గుమ్మం బయటే నిలబడ్డాడు. ఇటు రాలేడు, అటు పోలేడు.

"నిశాంత్, నా మాట దానికి ఏమని అర్థమైందో చూసి చెప్పు."

అతను తన చేతిలోని తెర చూశాడు. "శాశ్వత నిరాకరణ అని పెట్టుకుంది మేడమ్. స్నేహితులతో సహా అందరికీ."

సువర్చల మనసు మార్చుకున్నానని బిళ్ళకి చెప్పి, దాన్ని తీసేసి కుర్చీలో కూలబడింది. ఈ యంత్రాన్ని చేసిన మనిషికి ఆ సంగతి తోచలేదా అని మీరు అడగొచ్చు. తోచలేదు. తన అలక కూడా ఓ "వద్దు" కిందికే వస్తుందని ఆవిడకి కలలో కూడా తట్టలేదు. అలకని ఎవరైనా నమ్ముతారా?

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భర్త శేషుబాబు పేపరు చదువుతున్నాడు. ఆ ఇంట్లో కేక వినబడి ఎన్నాళ్ళయిందో. కాఫీ కావాలా అంటాడు, వద్దంటుంది, మానేస్తాడు. అంత మర్యాద.

"ఏవండీ, నేను సంఘంలోంచి వచ్చేశాక పెద్దాపురం వేణక్క నుంచి ఎప్పుడైనా కబురొచ్చిందా?"

ఆయన పేపరు దించాడు. "కబురేమిటి, ఆవిడే వచ్చింది. నువ్వు అలిగిన ఆ వారమే. గేటు బయట నిలబడింది. చేతిలో ఏదో డబ్బా ఉంది. గొళ్ళెం మీద చెయ్యి వేసేది, తీసేది. చాలాసేపు అలాగే నిలబడి వెళ్ళిపోయింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబుదామని నోరు తెరిస్తే గుయ్‌మంది. నీకిష్టం లేదు కాబోలనుకున్నాను."

"కనీసం మంచినీళ్ళయినా ఇచ్చారా? అంతదూరం బస్సెక్కి వచ్చిన మనిషిని ఎండలో నిలబెట్టి పంపించేస్తారా? బుద్ధుండక్కర్లేదూ!"

"నువ్వు చేసిన మిషనే కదే వద్దంది! నీ మిషను మాట కాదని నేనెలా పిలుస్తాను?" ఆయనా గొంతు పెంచాడు. ఇద్దరి చెవులూ గుయ్‌మంటూనే ఉన్నాయి, ఇద్దరూ ఆగలేదు. అరుచుకుని అరుచుకుని చివరికి సువర్చల ఏడ్చేసింది. శేషుబాబు లేచి, అడక్కుండానే కాఫీ కలుపుకొచ్చి చేతికిచ్చాడు.

మర్నాడు పొద్దున్న బండెక్కి సామర్లకోటలో దిగి, ఆటోలో పెద్దాపురం చేరింది. వేణక్క ఇల్లు మారలేదు. అదే సన్నటి వీధి, అదే పెంకుటిల్లు, కిటికీ పక్కన "మిక్సీలు, గ్రైండర్లు రిపేరు చేయబడును" అని వెలిసిపోయిన బోర్డు. లోపల్నుంచి మిక్సీ రొద వినిపిస్తోంది. గొళ్ళెం తియ్యబోయింది.

గుయ్.

చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ వేసింది. మళ్ళీ గుయ్. వేణక్క కూడా ఎప్పుడో అనేసిందన్నమాట, దాని ఊసు నాకొద్దని. ఎదురింటి అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న ఆవిడ చేట ఆపి అనుమానంగా చూసింది.

సువర్చల వీధికి అవతలిపక్కకి వెళ్ళి నిలబడింది. ఇప్పుడేం చెయ్యాలి? గేటు తోసుకుని వెళ్ళిపోవచ్చు. కానీ వద్దన్నా వినకుండా మల్లిక వెంటపడినవాడు చేసింది కూడా అదే. వేణక్క అన్న "వద్దు" అలకేనని ఎలా చెప్పగలదు? నిజంగా విరిగిపోయిన మనసయితే? అంతదూరం వచ్చిన మనిషిని ఎండలో నిలబెట్టి పంపించిన ఇంటిదానివి, నీకేం హక్కుంది లోపలికి వెళ్ళడానికి అని తనని తనే అడిగింది. తిరిగి వెళ్ళిపోదామనుకుంది కూడా. కానీ ఈసారి వెళ్ళిపోతే ఇంక మళ్ళీ రాలేనని ఆవిడకి తెలుసు.

చెవి వెనక బిళ్ళ పీకి పర్సులో పడేసింది. వీధి దాటలేదు. నిలబడ్డచోట నుంచే, సంఘం పద్ధతిలో, గొంతెత్తి అరిచింది.

"అక్కా! స్విచ్చా, ప్లగ్గా?"

లోపల మిక్సీ ఆగిపోయింది. ఎదురింటావిడ చేట పక్కన పెట్టేసింది.

ప్లగ్గే అంటే వెనక్కి తిరిగి సామర్లకోట వెళ్ళిపోతాను, మళ్ళీ ఈ వీధి మొహం చూడను అని గట్టిగా అనుకుంది. కాసేపాగి రెండోసారి అరిచింది.

"వేణక్కా! నేను గాడిదల్ని కాసేదాన్ని, వర్చలని! స్విచ్చా, ప్లగ్గా?"

కిటికీ కర్టెను కదిలినట్టనిపించింది. గాలేమో. మూడోసారి అరవబోతే ఏళ్ళ తరబడి మింగుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది.

"నువ్వు మా గేటు దాకా వచ్చావని నాకు నిన్ననే తెలిసిందక్కా! నన్నెవరూ పిలవొద్దని రాసింది పిలుస్తారనే. ఎవరూ రాలేదని ఎంత ఏడిచానో నీకేం తెలుసు! నిజంగా వద్దంటే వెళ్ళిపోతాను, ఒట్టు. అది నీ నోటితో చెప్పు. మిషను చేత చెప్పించకు. స్విచ్చా, ప్లగ్గా?"

మిట్టమధ్యాహ్నం, నెత్తిమీద ఎండ చుర్రుమంటోంది. అంతటి ఎండలో, వేణక్క వరండాలో బల్బు వెలిగింది.

సువర్చల వీధి ఎలా దాటిందో, గేటు ఎలా తీసిందో ఆవిడకే తెలీదు. తలుపు దగ్గర వేణక్క నిలబడి ఉంది. జుట్టంతా నెరిసిపోయింది, చేతిలో స్క్రూడ్రైవరు మాత్రం అలాగే ఉంది. చెవి వెనక బిళ్ళ లేదు, ఆవిడా పీకేసింది.

"సిగ్గులేనిదానా! ఇన్నేళ్ళు పట్టిందా నీకు? వీధిలో నిలబడి ఊరంతా వినేలా ఆ అరుపులేంటి? ఎండలో నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవూ? బక్కచిక్కిపోయేవే, మీ ఆయన తిండి పెట్టట్లేదా?"

ఆ తిట్లు వింటుంటే సువర్చలకి ప్రాణం లేచొచ్చింది. మన్నన వచ్చాక ఆవిణ్ణి ఇంత ప్రేమగా ఎవరూ తిట్టలేదు.

"గేటు దాకా వచ్చి ఎందుకెళ్ళిపోయావక్కా?"

వేణక్క మొహం చిన్నబోయింది. "ఇంకోళ్ళ గేటయితే తోసుకుని వచ్చేద్దును. మిషను చేసింది నువ్వే కదా. నీ మనసు దానికి తెలీకుండా ఉంటదా అనుకున్నాను. అది గుయ్‌మంటుంటే నువ్వే పొమ్మంటున్నావనుకున్నానే. బస్సులో దారి పొడుగునా ఏడుస్తూ వచ్చాను. ఇంటికొచ్చి, మరి దాని పేరు నా దగ్గర ఎత్తొద్దని నేనూ అనేశాను." అంటూ కొంగుతో కళ్ళొత్తుకుని, వెంటనే కోపం తెచ్చుకుంది. "సరే, కూర్చో. పనసపొట్టు కూర చేశాను."

విస్తరి ముందు కూర్చున్నాక ఫోను మోగింది. నిశాంత్.

"మేడమ్, వడ్డన బిళ్ళలు బజార్లోకి వదిలెయ్యమంటారా? అందరూ మీ మాట కోసమే చూస్తున్నారు."

"వద్దు, ఆపు. దానికి ఇంకో ప్రశ్న నేర్పాలి."

"ఏం ప్రశ్న మేడమ్?"

"వచ్చి చెబుతాను. ఇప్పుడు భోంచేస్తున్నాను."

ఆవపెట్టిన కూర ముక్కుకి ఘాటుగా ఎక్కుతోంది. రెండోసారి వడ్డించింది, తింది. మూడోసారి వేణక్క గరిటె పట్టుకుని వచ్చేసరికి సువర్చల విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టేసింది.

"వద్దక్కా, నిజంగా చాలు. ఇంక పట్టదు."

వేణక్క గరిటె గాల్లో ఆపి, ఆవిడ మొహంలోకి చూసింది.

"స్విచ్చా, ప్లగ్గా?"

సువర్చల కాస్త ఆలోచించింది. చేతులు తీసేసింది.

"స్విచ్చే."